లోయర్ ట్యాంక్‌బండ్ రాతలు – 14: ఐపీ పెడితే ఎట్లుంటది అక్కా?



సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం. రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది.

"పండుకున్నరా అక్కా? ఒక్కటే ముచ్చట. ఐపీ పెడితే ఎట్లుంటది?"

పేరు రాయను. తమ్ముడు అందాం. ఆరేళ్ల కింద డిగ్రీలో నా క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాడు. నల్లగొండ దిక్కు మాదిగవాడ నుంచి వచ్చి 2022లో అశోక్‌నగర్‌లో హాస్టల్ మంచం పట్టుకున్నడు. ఒక్క గదిలో అయిదు మంచాలు. పొద్దంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం ట్యూషన్ సెంటర్లో పిల్లలకు సోషల్ చెప్పుడు, రాత్రి మళ్లీ చదువు. ఈ గల్లీల్లో ఇట్లాంటి వాళ్లు వేల మంది. మీలో చాలామంది అట్లా చదివినవాళ్లే.

"రేపు పొద్దున లైబ్రరీ కాడ చాయ్ తాగుదాం. నీ అప్పులన్నీ ఒక కాయితం మీద రాస్కొని రా" అని ఫోన్ పెట్టేసిన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

*

ముందు ఆ మాట సంగతి. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. దివాలా దరఖాస్తు. ఇంగ్లీషు చట్టం మాట తెలుగు ఊళ్లలో తిట్టయి కూర్చుంది. 'వాడు ఐపీ పెట్టిండు' అంటే చాలు, వాళ్లింట్లో పిల్లనియ్యరు. అదే ఐపీ పెట్టిన పెద్ద వ్యాపారి భార్య పేరు మీద మేడ లేపితే, తెలివైనోడు అంటరు. మాట ఒక్కటే, మనిషిని బట్టి అర్థం మారుతుంది. కులం గురించి రాసేటప్పుడు ఈ మాట ఎన్నిసార్లు రాసిన్నో లెక్కలేదు.

సుమతీ శతకంలో, ఎట్లాంటి ఊళ్లో ఉండాలో చెప్పే పద్యం మనందరికీ చిన్నప్పుడే నేర్పించిన్రు. ఆ ఊళ్లో ఉండి తీరాల్సిన వాళ్ల జాబితాలో మొట్టమొదటి పేరు అప్పిచ్చేవాడిది. తర్వాత వైద్యుడు, తర్వాత ఎండిపోని ఏరు, చివరికి బ్రాహ్మడు. అప్పు తీసుకునేవాడి పేరు ఆ జాబితాలో లేదు. చెప్పు కుట్టేవాడు, నాటు వేసే ఆడమనిషి కూడా లేరు. డాక్టరేట్ చేసేటప్పుడు శతక సాహిత్యం చదువుతూ ఈ పద్యం కాడ చాలాసార్లు ఆగిన. ఇది అప్పిచ్చేవాడిని నడిమిట్ల కూర్చోబెట్టి చూసిన ఊరు. అప్పు తీసుకునేవాడు ఆ ఊరి బయట ఉంటడు, మన వాడలోనే ఉంటడు.

*

తమ్ముడు పాత జవాబు పత్రం వెనకాల రాసుకొచ్చిండు. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచిన చోట, చెట్టు కింద నిలబడి చదివిన.

ఊళ్లో ప్రామిసరీ నోటు: 1,50,000. నూటికి మూడు రూపాయల వడ్డీ. నోటు మీద కొడుకుతో పాటు తల్లి సంతకం.
అమ్మ పేరు మీద మహిళా సంఘం లోను: 50,000.
చిట్టీ బాకీ: 1,12,000. రెండు లక్షల చిట్టీ, నెలకు 8 వేలు. చెల్లెలి పెళ్లికి పాడి ఎత్తుకున్నడు. ఇంకా 14 వాయిదాలున్నయి, అందులో మూడు ఇప్పటికే తప్పినయి.
క్రెడిట్ కార్డు: 62,000.
ఫోన్లో లోన్ యాప్‌లు మూడు: 31,000.
హాస్టల్ దోస్తుల దగ్గర చేబదులు: 18,000.
మెస్ ఖాతా: 7,000.

మొత్తం 4,30,000.

నోటు అప్పు 2023 జనవరిది. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్ చివర్లో వచ్చింది గదా, 783 పోస్టులు. ఆ ధైర్యంతో తీసుకున్నడు. ఒక్క ఏడాదిలో కొలువు వస్తది, తీర్చేస్తా అనుకున్నడు. పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. గ్రూప్-1 అయితే 2022 అక్టోబర్ 16న రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది, జూన్ 11న మళ్లీ రాసింది సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది, మూడోసారి 2024 జూన్ 9న రాసిన్రు. పరీక్ష వాయిదా పడింది. వడ్డీ మాత్రం ఒక్క నెల కూడా వాయిదా పడలేదు. నెలకు 4,500 చొప్పున 24 నెలలు, అంటే 1,08,000 కట్టిండు. అసలు లక్షన్నర అట్లనే ఉంది.

"ఇగ నా వల్ల కాదక్కా. ఐపీ పెడితే అన్నీ పోతయంట గదా" అన్నడు.

*

అన్నీ పోతయా? ఇద్దరం ఆ కాయితం మీదనే లెక్క చేసినం.

మన దేశంలో మామూలు మనిషి దివాలా ఇప్పటికీ ఇంగ్లీషోడి కాలం నాటి చట్టం మీదనే నడుస్తున్నది. మనకు వర్తించేది 1920 ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. అప్పు 500 రూపాయలు దాటి, కట్టలేని స్థితిలో ఉంటే సివిల్ కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు దివాలాదారు అని ప్రకటించిన రోజు నుంచి ఆస్తి రిసీవర్ చేతికి పోతది. విముక్తి ఉత్తర్వు వచ్చేదాకా కొత్తగా వచ్చే ఆస్తీ అంతే. ఆ ఉత్తర్వు దానంతట అది రాదు, కోర్టు పెట్టిన గడువులో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలె. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక అప్పులోడికి ఎక్కువ మేలు చేయాలని కట్టిన సొమ్మును కోర్టు వెనక్కి లాగొచ్చు. 'ముందు మేనమామది తీర్చేసి తర్వాత ఐపీ పెడదాం' అనుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇంకో సెక్షన్ ఉంది, 72. విముక్తి రాని దివాలాదారు తన సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు. వందేళ్ల కింద 50 రూపాయలంటే పెద్ద సొమ్మే. ఇయ్యాల రెండు చాయ్‌లు, నాలుగు సమోసాలు. మెస్‌లో ఖాతా పెట్టాలన్నా 'అన్నా, నేను దివాలా తీసినోణ్ని' అని చెప్పుకోని తినాలె.

ఇంక అసలు దెబ్బ సెక్షన్ 44లో ఉంది. దివాలా నుంచి విముక్తి దొరికేది ఆ మనిషికే. అతనితో కలిసి సంతకం పెట్టినవాళ్లకు, జామీను ఉన్నవాళ్లకు విముక్తి లేదు. అప్పులోడు నేరుగా వాళ్ల గడప తొక్కుతడు.

ఇప్పుడు కాయితం చూడండి. నోటు మీద అమ్మ సంతకం ఉంది, ఆ లక్షన్నర అమ్మ మీద పడ్తది. సంఘం లోను మొదటి నుంచీ అమ్మదే. ఆమె కట్టకపోతే సంఘంలో తోటి ఆడవాళ్లందరి మీద బరువు. చిట్టీకి జామీనుదారు ఉన్నరు, వాళ్ల జీతం మీదికి వస్తది. ఈ మూడూ కలిపి 3,12,000. దోస్తుల చేబదులు, మెస్ ఖాతా కలిపి 25,000. చట్టం లెక్కలో అవీ పోతయి. కానీ పక్క మంచం మీద పడుకునే పిలగాడి 4 వేలు ఎగ్గొట్టి మళ్లీ అదే గదిలో ఎట్లా పండుకుంటడు? ఇంక మిగిలింది కార్డు, యాప్‌లు. 93,000.

4,30,000లో ఐపీ నిజంగా కొట్టేసేది 93 వేలు. దానికోసం ఏండ్ల తరబడి కోర్టు, నెత్తి మీద దివాలా ముద్ర. ముద్ర ఊరికే పోదు. విముక్తి దొరకని దివాలాదారు ఎంపీగా, ఎమ్మెల్యేగా పనికిరాడని రాజ్యాంగంలోనే ఉంది, 102, 191 అధికరణాలు. అది మనకు దూరం అనుకుంటే, కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు 1964లో 17వది చూడండి. ఉద్యోగి అప్పుల అలవాటుకు, దివాలాకు దూరంగా బతకాలని, దివాలా కేసు పడితే వెంటనే పైవాళ్లకు చెప్పాలని ఉంటది. స్టేట్ బ్యాంక్ నియామక ప్రకటనల్లో అయితే లోను, కార్డు బాకీలు ఎగ్గొట్టిన రికార్డు ఉన్నవాళ్లు అర్హులు కారని రాస్తున్నరు. కొలువు కోసం చేసిన అప్పే కొలువుకు అడ్డం పడ్తది.

*

"మరి కొత్త చట్టం వచ్చిందన్నరు గదక్కా?"

వచ్చింది. 2016 దివాలా స్మృతి. అందులో పేదోడి కోసం 'కొత్త ఆరంభం' అని ఒక అధ్యాయం కూడా రాసిన్రు. ఏడాది ఆదాయం 60 వేలు దాటొద్దు, ఆస్తి విలువ 20 వేలు దాటొద్దు, సొంత ఇల్లు ఉండొద్దు, మాఫీ అయ్యే అప్పు 35 వేలు దాటొద్దు. అంటే నెలకు 5 వేలు మించి సంపాదించనోడికే. ట్యూషన్ చెప్పి 12 వేలు తెచ్చుకునే మన తమ్ముడు ఆ లెక్కలో ధనవంతుడు. విద్యారుణం అసలు మాఫీ లిస్టులోనే లేదు. ఈ మాత్రం అధ్యాయాన్ని కూడా ఇప్పటికీ అమల్లోకి తేలేదు. వ్యక్తుల భాగంలో అమలు చేసింది ఒక్క ముక్క, కంపెనీ అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల గురించి, 2019 డిసెంబర్ నుంచి.

కంపెనీల భాగం మాత్రం ఆగలేదు. ఆ స్మృతి కింద దేశంలో మొట్టమొదటి పరిష్కారం మన హైదరాబాద్ కంపెనీ లా ట్రిబ్యునల్లోనే, 2017 ఆగస్టులో జరిగింది. సినర్జీస్-డూరే ఆటోమోటివ్ అనే కంపెనీ. బాకీ సుమారు 970 కోట్లు. ఒప్పుకున్నది సుమారు 54 కోట్లు. నూటికి ఆరు రూపాయలు కూడా కాదు. చట్టం ప్రకారమే జరిగింది, తప్పు పట్టట్లేదు. కంపెనీకి పనికొచ్చిన గడియారం మనిషి కాడికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయిందని మాత్రం అడుగుతున్న.

*

మా తాత జీతగాడు. తీసుకున్న అప్పుకు దొర పొలంలో పనిచేసి తీర్చాలె. మన నిజాం రాజ్యంలో దాన్ని భగేలా అన్నరు. ఆ ఒప్పందాలను కట్టడి చేస్తూ చట్టం చేసినా దొరల గడీల దాకా అది నడిచి రాలేదు. దేశమంతటా వెట్టి అప్పు రద్దు చేసింది 1976 చట్టం. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు సన్నకారు రైతులకు, కూలీలకు, చేతివృత్తుల వాళ్లకు ఇంకో రుణ విముక్తి చట్టం తెచ్చింది. అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం అసైన్డ్ భూములు అమ్మొద్దన్నది. మన దగ్గర భూమి గుంజుకోకుండా అది కాపాడింది. కానీ అవసరానికి అమ్ముకునే ఆస్తి మన చేతిలో లేదు. తమ్ముడి ఇంటికాడ ఉన్న అర ఎకరం కూడా అదే.

ఇన్ని చట్టాల తర్వాత కూడా ఒక్క సంగతి మారలేదు. మన దగ్గర తాకట్టు పెట్టడానికి ఉన్నది మనిషే. అప్పుడు తాత ఒళ్లు. ఇప్పుడు తల్లి సంతకం, దోస్తు మాట, అక్క జీతం స్లిప్పు. ఐపీ అనేది ఆస్తి ఉన్నవాడి కోసం రాసిన చట్టం. ఆస్తిని రిసీవర్‌కు అప్పజెప్పి మనిషి బయటపడతడు. మనకు ఆస్తే మనుషులైనప్పుడు ఎవరిని అప్పజెప్పాలె?

*

ఇట్లా అంటే ఐపీ ఎవరికీ వద్దని కాదు. జామీను ఎవరూ లేకుండా, తలకు మించిన అప్పుతో, వారెంటు భయంలో ఉన్నవాడికి అది కోర్టు ఇచ్చే గొడుగు. పెట్టాల్సి వస్తే సిగ్గుపడాల్సిన పనే లేదు. అయితే చెక్ బౌన్స్ క్రిమినల్ కేసుకు ఆ గొడుగు అడ్డం పడదు, అది వేరే దారి.

తమ్ముడికి ఆ చెట్టు కింద చెప్పినవి మీకూ చెప్తున్న. ఎవరికైనా పనికొస్తయి.

ఒకటి. అప్పు తీర్చనీకి కొత్త అప్పు ఆ రోజుతో బంద్. మూడు యాప్‌లూ ఒకదాని బాకీ ఒకటి కట్టినయే.

రెండు. నోటు తిరగరాయొద్దు. వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయమని అడుగుతున్నడంట. రాస్తే మూడేళ్ల గడువు మళ్లీ మొదలు, వడ్డీకి వడ్డీ మొదలు. కట్టిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలె, లేదా యూపీఐలో పంపాలె. 1,08,000లో మనోడి దగ్గర రుజువున్నది 40 వేలకే. అప్పులివ్వడమే వ్యాపారంగా పెట్టుకున్నవాడికి లైసెన్స్ ఉండాలని 1349 ఫసలీ నాటి చట్టం ఇప్పటికీ చెప్తున్నది. ఆ ప్రశ్న కూడా అడగాలె.

మూడు. లీగల్ సర్వీసెస్ చట్టం 1987, సెక్షన్ 12. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం. ఆడవాళ్లకూ అంతే. మన హక్కుల గురించి ఇంత మాట్లాడే మనలో ఎంతమందికి తెలుసు? 15100కి ఫోన్ చేయొచ్చు, జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు. కేసు పడకముందే లోక్ అదాలత్‌లో వాయిదాల మీద రాజీ చేసుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. అక్కడి తీర్పు మీద అప్పీలు కూడా లేదు, కాబట్టి కట్టగలిగినంతకే ఒప్పుకోవాలె.

నాలుగు. కార్డు వాళ్లకు రాతపూర్వకంగా వాయిదాలు అడగాలె. 'సెటిల్‌మెంట్' అని తక్కువ కట్టి తేల్చుకుంటే సిబిల్ రికార్డులో ఆ ముక్క కనిపిస్తది. బ్యాంకు కొలువులకు రాసేవాళ్లు అది ఆలోచించి చేయాలె. వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయొద్దని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో చెప్పింది. బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు చూసి, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. యాప్‌లు ఫోన్లో కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోవద్దని కూడా ఉంది. ఫొటోలు మార్ఫ్ చేసి బెదిరిస్తే అది అప్పు వసూలు కాదు, నేరం. 1930కి చెప్పాలె.

అయిదు. అమ్మకు చెప్పు. డబ్బు డిక్రీ కట్టలేదని ఆడమనిషిని అరెస్టు చేయొద్దని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 56లో ఉంది. చేతిలో లేని పేదోణ్ని కట్టలేదన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టడం 21వ అధికరణానికే విరుద్ధమని జస్టిస్ కృష్ణయ్యర్ 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో రాసిండు. వండుకునే గిన్నెలు, కప్పుకునే బట్టలు, పనిముట్లు జప్తు చేయొద్దు. పోలీసులొచ్చి అమ్మను పట్టుకపోతరని భయపెట్టేవాడు అబద్ధమాడుతున్నట్టు.

*

ఇప్పుడు నాకు నిద్ర పట్టని సంగతి.

చిట్టీకి జామీను నేనే. పోయినేడు నా జీతం స్లిప్పు జత చేసి సంతకం పెట్టిన. వాడు ఐపీ అన్న క్షణంలో నాకు ముందు గుర్తొచ్చింది వాడి మొఖం కాదు, 1,12,000 అనే అంకె. మా తమ్ముడి ఫీజు, ఇంటి లోను వాయిదా గుర్తొచ్చినయి. మీరు పైన చదివిన సలహా అంతా వాడి మంచి కోరి చెప్పిన్నా, నా సంతకం కాపాడుకోనీకి చెప్పిన్నా అని రాత్రంతా నన్ను నేను అడుక్కున్న. అందుకే ముందు ఆ మాటే చెప్పిన.

"చూడు తమ్మీ, నువ్వు ఐపీ పెడితే నష్టపోయేవాళ్లల్ల నేను ఒకదాన్ని. నా మాట అది తెలిసి విను. నమ్మకపోతే లీగల్ సర్వీసెస్ వకీలును అడుగు, ఆయనకు నీ చిట్టీతో పనిలేదు."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "మీకు చెప్పనీకే భయపడి రెణ్ణెల్ల నుంచి ఫోన్ చేయలే అక్కా" అన్నడు. రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఒంటరిగా ఏమేం ఆలోచించిండో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఈ గల్లీల్లో గదుల తలుపులు బద్దలుకొట్టాల్సి వచ్చిన పొద్దులు మనందరికీ తెలుసు. రాత్రి బరువైతే 14416 టెలీ మానస్ ఉంది. నాకు చేసినా సరే, పదిన్నరకైనా, రెండున్నరకైనా.

అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేసిండు. స్పీకర్ పెట్టలేదు గానీ తల్లి గొంతు నాకు వినపడ్తనే ఉంది. ముందు ఏడ్చింది. తర్వాత తిట్టింది. చివరికి, "అప్పే గద బిడ్డా చేసింది, తప్పు చేయలేదు గద. ఇంటికి రా, కూసోని మాట్లాడుదాం" అన్నది.

కథ సుఖాంతం కాలేదు. ఈ నెల చిట్టీ వాయిదాలో సగం వాడు, సగం నేను కట్టినం. నేను కట్టింది కూడా ఆ జాబితాలో రాయించిన, మా ఇద్దరి సంతకాలతో, వడ్డీ లేకుండా. వచ్చే వారం నోటు సంగతికి వాళ్ల జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోతున్నం. ఏమైతదో ఇంకో భాగంలో రాస్త.

మీ దగ్గర కూడా ఇట్లాంటి కాయితం ఉండొచ్చు. చాలామందికి అది తలలోనే ఉంటది, రాత్రి పూట పెరుగుతది. రాయండి. రాసి ఇంకొకరికి చూపించండి.

జై భీమ్.